ఇటలీ మోడరన్ ఆర్ట్ + మెడిసిన్ కలిపి పీహెచ్‌డీ, బెంగళూరు నుంచి మొదలుపెట్టొచ్చా?

జయనగర్_ఫిజియో:

అందరికీ నమస్తే. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

నేను ఫిజియోథెరపిస్ట్‌ని, మాది నెల్లూరు, బెంగళూరు వచ్చి ఇక్కడే సెటిలైపోయా. హ్యాండ్ రిహ్యాబ్ చేస్తా, అంటే టెండన్ తెగి కుట్లు పడ్డవాళ్ళు, పీణ్య వైపు ఫ్యాక్టరీల్లో మెషిన్‌లో వేళ్ళు పడినవాళ్ళు, వీళ్ళకి మళ్ళీ చేతిలో పట్టు వచ్చేదాకా చేయించడం. ఉద్యోగం చేసుకుంటూనే దూరవిద్యలో ఆర్ట్ హిస్టరీ ఎంఏ పూర్తి చేశా. ఇప్పుడు పీహెచ్‌డీ చేయాలని గట్టిగా ఉంది, టాపిక్ 1950 తర్వాత ఇటలీ ఆర్ట్‌లో చెయ్యి, శరీరం, వైద్యం.

ఇటలీయే ఎందుకు అని అందరూ అడుగుతున్నారు కాబట్టి చెప్తా. జుసెప్పే పెనోనే అని ఒక శిల్పి ఉన్నాడు, 1968లో, అప్పటికి ఇరవై ఏళ్ళు కూడా సరిగ్గా దాటని కుర్రాడు, ఆల్ప్స్ పక్కన వాళ్ళ ఊరు గరేస్సియో దగ్గర అడవిలో ఒక లేత చెట్టు కాండానికి తన చేతి పోతని లోహంలో చేయించి, పట్టుకున్నట్టుగా బిగించి వదిలేశాడు. చెట్టు పెరుగుతూనే పోయింది, ఆ పట్టు ఉన్నచోట తప్ప. ఏళ్ళ తర్వాత తీసిన ఫోటోలు చూస్తే కాండం ఆ వేళ్ళ చుట్టూ ఉబ్బిపోయి చేతిని మింగేస్తున్నట్టు ఉంటుంది. ఆర్ట్ పుస్తకాల్లో దీని గురించి ప్రకృతి, కాలం, మనిషి అని చాలా రాశారు, అవన్నీ నిజమే, కానీ నాకు ముందు కనిపించేది ఆ పట్టు. మేం దాన్ని సిలిండ్రికల్ గ్రిప్ అంటాం, నాలుగు వేళ్ళూ ఒకవైపు నుంచి చుట్టుకుని బొటనవేలు ఎదురుగా వచ్చి మూసేది. కుట్లు విప్పాక మా పేషెంట్లకి స్టీల్ గ్లాసు ఇచ్చి మొదట వెనక్కి తెప్పించేది కూడా అదే. ఆ కోణంలో ఎవరైనా రాశారా అని వెతకడం మొదలుపెట్టా, అక్కడ్నుంచి కాన్వాస్‌ని బ్లేడుతో కోసి ఆ కోతనే ఆర్ట్‌గా పెట్టిన లూచియో ఫోంటానా కాన్వాసులు, డాక్టర్ అయ్యుండి పెయింటర్ అయిన అల్బెర్టో బుర్రి, ఇలా ఒకదాని తర్వాత ఒకటి తగులుతూ పోయాయి.

ఇక్కడ ఒక ప్రొఫెసర్‌ని కలిసి చెప్తే "మెడిసిన్ వాళ్ళు నిన్ను ఆర్ట్ అంటారు, ఆర్ట్ వాళ్ళు మెడిసిన్ అంటారు, రెంటికీ చెడ్డ రేవడివి అవుతావమ్మా" అన్నారు. ఆయన మంచికే చెప్పి ఉంటారు కానీ నాకు మనసొప్పట్లేదు.

అసలు ఇది నిజంగా జనం రీసెర్చ్ చేస్తున్న విషయమేనా లేక నేను బలవంతంగా ముడిపెడుతున్నానా? బెంగళూరులో కూర్చుని ఎంతవరకు చేయొచ్చు, ఇటలీ వెళ్ళక తప్పదా, ఇటాలియన్ ఎంత రావాలి, తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

ఈఈజీ_క్యాప్:

బలవంతపు ముడి కాదండీ, ఇందులో ఒక ముక్క మా ఫీల్డే. నేను ఇక్కడే ఒక కాగ్నిటివ్ ల్యాబ్‌లో పనిచేస్తా.

కథ పార్మా యూనివర్సిటీలో మొదలవుతుంది. 1992లో రిజ్జొలాత్తి గ్రూప్ మకాక్ కోతి మెదడులో ఎఫ్5 అనే చోట కొన్ని న్యూరాన్లు చూశారు, కోతి తను ఏదైనా పట్టుకున్నప్పుడూ స్పందిస్తాయి, ఎదుటి మనిషి పట్టుకోవడం చూసినప్పుడూ స్పందిస్తాయి. తర్వాత వాటికే మిర్రర్ న్యూరాన్లు అని పేరొచ్చింది. గమనించండి, అక్కడ కూడా మొదట చూసింది చేత్తో పట్టుకోవడాన్నే. ఆ గ్రూప్‌లో ఉన్న విత్తోరియో గల్లేసే, న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో ఆర్ట్ హిస్టరీ ప్రొఫెసర్ డేవిడ్ ఫ్రీడ్‌బర్గ్‌తో కలిసి 2007లో ఒక పేపర్ రాశాడు, బొమ్మ చూసేటప్పుడు ఆ బొమ్మ గీసిన చేతి కదలికని కూడా మన శరీరం లోపల్లోపల అనుకరిస్తుంది అని వాళ్ళ వాదన. దాన్ని పరీక్షించడానికి 2012లో ఇద్దరూ ఇంకొందరితో కలిసి ఫోంటానా కోతల మీదే ఈఈజీ (మెదడు తరంగాల్ని కొలిచే పరీక్ష) స్టడీ చేశారు. జనానికి తలకి క్యాప్ పెట్టి, స్క్రీన్ మీద ఒరిజినల్ కాన్వాసుల ఫోటోలు చూపించారు, మధ్యమధ్యలో అదే ఫోటోలో కోత తీసేసి ఆ చోట కంప్యూటర్‌లో గీసిన గీత పెట్టి చూపించారు. కొలిచింది మ్యూ రిథమ్, మోటార్ కార్టెక్స్ పైన దాదాపు 8 నుంచి 13 హెర్ట్జ్ మధ్య వచ్చే తరంగం, మనం చెయ్యి కదిపినా, కదపడం చూసినా అది తగ్గుతుంది. కోత చూసినప్పుడు తగ్గింది, ఉత్త గీత చూసినప్పుడు అలా తగ్గలేదు. పేపర్ ఫ్రీగానే దొరుకుతుంది, చదవండి.

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే మీకు అన్యాయం చేసినట్టే. మ్యూ పట్టుకోవడం చాలా చిరాకైన పని, ఎందుకంటే తల వెనక వైపు నుంచి వచ్చే ఆల్ఫా అనే తరంగం కూడా అదే ఫ్రీక్వెన్సీలో ఉంటుంది, మనిషి కాస్త శ్రద్ధగా చూస్తే చాలు అది కూడా పడిపోతుంది, కాబట్టి తగ్గింది మోటార్ వల్లా లేక ఆసక్తి వల్లా అన్నది విడదీయడం కష్టం. 2016లో హాబ్సన్, బిషప్ ఇద్దరూ దీన్ని జాగ్రత్తగా పరీక్షించి, మ్యూ సప్రెషన్‌ని (అంటే మ్యూ అలా తగ్గడాన్ని) మిర్రర్ సిస్టమ్‌కి కొలతగా నమ్మడం అంత తేలిక కాదని రాశారు. 2007 పేపర్ రాగానే కసాతి, పిన్యోక్కి అని ఇద్దరు అదే జర్నల్‌లో అభ్యంతరం చెప్పారు, న్యూరాన్లు స్పందించడమూ అందాన్ని అనుభవించడమూ ఒకటి కాదు అని. నా మట్టుకు నాకు ఈ అభ్యంతరాలు బలంగానే అనిపిస్తాయి.

కానీ ఒక్క విషయం. ఆ స్టడీలో కొలిచింది చూసేవాళ్ళ మెదడుని, కోసిన చేతిని కాదు. అంత పొడుగు కోత, పైనుంచి కిందకి, ఒక్క ఊపులో, వణుకు లేకుండా రావాలంటే మణికట్టు ఏం చేయాలి, మోచెయ్యి ఏం చేయాలి, భుజం ఎక్కడ ఆగాలి, ఇది చెప్పగలిగేది మీలాంటివాళ్ళే.

పాత_కాన్వాస్:

పై రిప్లై బాగుంది కానీ ఆర్ట్ వైపు నుంచి కొన్ని చెప్పకపోతే కుదరదు. నేను పెయింటింగుల కన్సర్వేషన్ పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నా, చెన్నైలో కొన్నాళ్ళు, ఇప్పుడు బెంగళూరు.

అమ్మా, ఫోంటానా కోత ఒక్క ఊపులో అయిపోయేది కాదు. కాన్వాస్ మీద రంగు వేయడం ఒక దశ, బ్లేడుతో కోయడం ఒక దశ, ఆ తర్వాత కోత అంచుల్ని చేత్తో నెమ్మదిగా సర్ది ఆ వంపు తీసుకురావడం ఒక దశ, చివర్న కాన్వాస్ వెనకనుంచి నల్ల గాజుగుడ్డ పట్టీలు అంటించడం. ఆ గాజుగుడ్డ వల్లే కోత వెనక గోడ కనిపించకుండా చీకటి కనిపిస్తుంది, కోత కూడా ఇంకా తెరుచుకోకుండా నిలబడుతుంది. ముందునుంచి చూసేవాడికి కత్తి వేగం మాత్రమే తెలుస్తుంది. వెనక్కి తిప్పి చూస్తే తీరిగ్గా కూర్చుని చేసిన పని అని తెలుస్తుంది. మీ వృత్తివాళ్ళకి గాజుగుడ్డ సంగతి నేను చెప్పాలా.

ఇంకో సంగతి వినండి, ఇది మీ థీసిస్‌కి చాలా ముఖ్యం అనుకుంటా. ఫోంటానా కోస్తున్న ఫోటోలు ఉన్నాయి, 1964లో ఊగో ములాస్ తీసినవి, ప్రపంచమంతా తెలిసినవి అవే. చేతిలో బ్లేడు, ఎదురుగా కాన్వాస్, ఊపిరి బిగబట్టినట్టు ఉంటాయి. కానీ కెమెరా ఎదురుగా ఉంటే నేను కోయలేను అన్నాడు ఫోంటానా. అందుకని కోయని కాన్వాస్ ముందు కోయబోతున్నట్టు నిలబడ్డాడు, ముందే కోసి ఉన్న కాన్వాస్ మీద కోత చివర చెయ్యి పెట్టి అప్పుడే పూర్తి చేసినట్టు నిలబడ్డాడు. ఇది ములాస్ తనే రాసుకున్నాడు, దాచలేదు. మరి ఆ సైంటిస్టులు "కళాకారుడి చేతి కదలిక" అంటున్నది ఏది? కాన్వాస్ మీద మిగిలిన గుర్తా, ఈ ఫోటోలు చూసి చూసి మన బుర్రలో పడిపోయిన పోజా? చూసేవాడికి ఆ ఫోటోలు ముందే తెలిసి ఉంటే ఏమవుతుంది? ఈ ప్రశ్నని ఆర్ట్ హిస్టరీ వాళ్ళు ఒంటరిగా తేల్చలేరు, ల్యాబ్ వాళ్ళూ తేల్చలేరు.

ఇక బుర్రి. మీరు ఆయన పేరు ఎత్తగానే నాకు భయం వేసింది. ఎందుకంటే అందరూ జారిపడేది అక్కడే. 1940లో పెరూజాలో మెడిసిన్ డిగ్రీ తీసుకున్నాడు, ఆర్మీ డాక్టర్‌గా వెళ్ళాడు, 1943లో ట్యునీషియాలో పట్టుబడ్డాడు, టెక్సస్‌లో హియర్‌ఫర్డ్ అనే చోట ఖైదీల క్యాంపులో పెట్టారు, బొమ్మలు వేయడం మొదలుపెట్టింది అక్కడే. 1946లో ఇటలీ తిరిగొచ్చాక మళ్ళీ స్టెతస్కోప్ ముట్టుకోలేదు. తర్వాత గోనెసంచులు కుట్టి, చింపి, అతికి కాన్వాసుల మీద పెట్టాడు. ఇంకేముంది, డాక్టర్ కాబట్టి కుట్లు, గోనె అంటే చర్మం, ఎరుపు అంటే నెత్తురు, అయిపోయింది వ్యాసం. బుర్రి మటుకు జీవితాంతం ఈ మాట ఒప్పుకోలేదు, నా పెయింటింగ్ గురించి మాటలు నాకు పనికిరావు అనే ధోరణిలోనే ఉన్నాడు. 2015లో న్యూయార్క్ గుగెన్‌హైమ్‌లో పెద్ద ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు పేరులోనే ట్రామా అనే మాట వాడారు, వాళ్ళు మెటీరియల్స్ మీద మంచి పని చేశారు, అది వేరే సంగతి. నేననేది ఏంటంటే బుర్రి జీవితకథని తెచ్చి బొమ్మ మీద అంటిస్తే అది రీసెర్చ్ కాదు.

ఆయన్ని నిజంగా పట్టుకోవాలంటే వస్తువు దగ్గర పట్టుకోవాలి. 1970ల్లో "క్రెత్తి" అని చేశాడు, ఎండిన చెరువు అడుగులా పగిలిన తెల్లటి, నల్లటి పలకలు. కేవోలిన్ లాంటి తెల్ల పొడి, వినావిల్ అనే పీవీఏ జిగురు కలిపి, సెల్లోటెక్స్ బోర్డు మీద మందంగా వేసి ఎండనిస్తాడు, ఎంత మందం వేస్తే ఎంత పెద్ద పగులు వస్తుందో ఆయనకి చేత్తో తెలుసు, తనకి కావలసినంత పగిలాక జిగురుతో ఆపేస్తాడు. దాన్నే పెద్దదిగా సిసిలీలో జిబెల్లీనా అనే ఊరి మీద చేశాడు. 1968 జనవరిలో భూకంపానికి నేలమట్టమైన ఊరు అది, శిథిలాల మీదే తెల్ల సిమెంటు పరిచి, పాత వీధుల దారిలోనే పగుళ్ళలా సందులు వదిలాడు, దాదాపు 80,000 చదరపు మీటర్లు. 1984లో మొదలైంది, 1989లో ఆగిపోయింది, ఆయన పోయాక ఇరవై ఏళ్ళకి 2015లో పూర్తి చేశారు. ఇలాంటి వాటి మీద పనిచేసే కెమిస్టులు ఆయన చదివిన పెరూజాలోనే ఉన్నారు, మోల్యాబ్ అని పరికరాలు వ్యాన్‌లో వేసుకుని మ్యూజియంకే వెళ్ళి, శాంపిల్ గీకకుండా కొలిచే టీమ్. ఇటలీలో ఆర్ట్‌కీ సైన్స్‌కీ మధ్య రోజువారీగా జరిగే పని అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

సీటీ_కన్సోల్:

అక్కా నేను రేడియాలజీ పీజీ, మీ పోస్ట్ చూసి ఆగలేకపోతున్నా, డ్యూటీలో ఉండి టైప్ చేస్తున్నా తప్పులుంటే ఏమనుకోవద్దు.

చెయ్యి అంటున్నారు కదా, కెట్టీ లా రోక్కా చూశారా? ఫ్లోరెన్స్‌లో పనిచేసిన ఆర్టిస్ట్, 1971 నుంచే చేతుల ఫోటోలతో పని చేసింది, చేతులు మాట్లాడటం ఆవిడ మెయిన్ సబ్జెక్ట్. 1973లో "క్రానియోలొజియే" అని ఒక సిరీస్ చేసింది, పుర్రె ఎక్స్‌రే తీసుకుని, మెదడు ఉండాల్సిన చోట చెయ్యి ఫోటో, కొన్నిట్లో పిడికిలి, ఆ అంచుల వెంబడి చేత్తో యూ యూ యూ అని ఇంగ్లీషులో సన్నగా రాసుకుంటూ పోయింది. 1976లో బ్రెయిన్ ట్యూమర్‌తో పోయింది, నలభై కూడా లేవు. మేం లాటరల్ వ్యూ (పక్కనుంచి తీసిన) పుర్రె ఫిల్మ్‌లు ఎన్నో చూస్తాం, చూడగానే కళ్ళు వాటంతటవే సెల్లా (పుర్రె అడుగున ఉండే చిన్న గుంట) వైపు, సూచర్ల (పుర్రె ఎముకలు కలిసే గీతలు) వైపు పోతాయి, ఆవిడ ఫిల్మ్‌లో పోలేదు, పిడికిలి అడ్డం. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు నిజంగా.

ఇంకొకాయన సాల్వతోరే యాకొనేసి. ఈయన ఇంజినీరు, ఆర్టిస్టు, హ్యాకర్ అన్నీ. 2012లో బ్రెయిన్ ట్యూమర్ అని తెలిసింది, హాస్పిటల్ నుంచి రిపోర్టులు డిజిటల్‌గా తెచ్చుకున్నాడు, డైకామ్ ఫైల్స్ (హాస్పిటళ్ళు స్కాన్లు దాచే ఫార్మాట్), మామూలు కంప్యూటర్‌లో మామూలు మనిషి తెరిచి ఎవరికైనా పంపగలిగేలా లేవు. వాటిని విప్పి అందరూ చూడగలిగే ఫార్మాట్‌లోకి మార్చి తన స్కాన్లు మొత్తం నెట్‌లో పెట్టేశాడు, నాకు వైద్యం చెప్పండి, బొమ్మ పంపండి, కవిత పంపండి, ఏదైనా నాకు వైద్యమే అన్నాడు. డాక్టర్లూ రాశారు, తన లాంటి పేషెంట్లూ రాశారు, ఆర్టిస్టులు ఆ స్కాన్ల నుంచి వీడియోలు, మోడల్స్ చేసి పంపారు. దాన్ని "లా కూరా" అంటారు. సర్జరీ అయింది, దాదాపు పదేళ్ళు పనిచేశాడు, 2022లో చనిపోయాడు. మన దగ్గర కూడా పేషెంట్‌కి ప్లాస్టిక్ కవర్‌లో ఫిల్మూ సీడీ పెట్టి ఇచ్చేస్తాం, ఆ సీడీ పెట్టుకోవడానికి వాళ్ళ ఇంట్లో డ్రైవ్ కూడా ఉండదు, వాళ్ళ తలే వాళ్ళకి చూసుకోవడానికి లేదు. ఆయన అడిగింది ఆ ఒక్క ప్రశ్నే.

ఒక్క జాగ్రత్త అక్కా, మీరు మీ పేషెంట్ల చేతుల ఫోటోలు, ఎక్స్‌రేలు థీసిస్‌లో వాడదామనుకుంటే ఎథిక్స్ కమిటీ పర్మిషన్ లేకుండా ఒక్కటి కూడా ముట్టుకోకండి, ఐసీఎంఆర్ (ఇండియన్ కౌన్సిల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్) 2017 గైడ్‌లైన్స్ చదవండి. డైకామ్ ఫైల్‌లో బొమ్మ ఒక్కటే కాదు, లోపల హెడర్‌లో పేరు, పుట్టిన తేదీ, నంబర్ అన్నీ ఉంటాయి, ఫోటో మీద పేరు చెరిపేసినా అక్కడ ఉండిపోతుంది.

జయనగర్_ఫిజియో:

ఇంత రాస్తారని అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. @పాత_కాన్వాస్ గారూ, ములాస్ ఫోటోల సంగతి చదివాక మళ్ళీ తీసి చూశా. కోత కింద చివర చెయ్యి పెట్టిన ఫోటోలో నాకు మణికట్టు తీరు కొంచెం తేడాగానే అనిపించింది, అంత పొడుగు నిజంగా లాగి ఆపిన చేతిలో బిగువు మోచేతి దాకా కనబడాలి, భుజం కూడా కిందకి వచ్చి ఉండాలి. ఫోటో ఒక్కటి చూసి తేల్చేయకూడదని తెలుసు, అందుకే కొలిచి చూడాలని ఉంది.

@సీటీ_కన్సోల్ తమ్ముడూ, లా రోక్కా పేరు నేను వినలేదు, ఇప్పుడే చూస్తున్నా, మాటల్లేవు.

హోసూర్_రోడ్:

నాది వేరే అభిప్రాయం, కొంచెం గట్టిగానే చెప్తా. ఇక్కడ అందరూ ఒక ఆర్టిస్ట్, ఒక వస్తువు, ఒక మెదడు అంటున్నారు. ఇటలీలో ఆర్ట్ వైద్యాన్ని నిజంగా మార్చిన సందర్భం ఒకటుంది, దాని గురించి ఎవరూ ఎత్తలేదు. నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని, పాతికేళ్ళ సర్వీసు.

త్రియెస్తేలో శాన్ జొవాన్ని మెంటల్ హాస్పిటల్‌కి 1971లో ఫ్రాంకో బసాల్యా డైరెక్టర్‌గా వచ్చాడు. వార్డులు ఒక్కొక్కటే ఖాళీ చేస్తూ తలుపులు తెరుస్తూ పోతున్నాడు. 1973 మొదట్లో ఖాళీ అయిన ఒక వార్డులోకి నాటకాల మనిషి జూలియానో స్కాబియా, శిల్పి విత్తోరియో బసాల్యా వచ్చి, పేషెంట్లతో, నర్సులతో కలిసి ఒక పెద్ద నీలం గుర్రాన్ని చేశారు, కర్ర, కాగితం గుజ్జుతో. పేరు మార్కో కవాల్లో. ఆ హాస్పిటల్‌లో బట్టల బండి లాగిన అసలు గుర్రం పేరు అది. గుర్రం కడుపులో ఏముండాలి అని పేషెంట్లని అడిగారు, వాళ్ళ కోరికలు అందులో పెట్టారు. ఫిబ్రవరి చివర ఆదివారం ఊరేగింపుగా బయటికి తీయబోతే గుర్రం గేటులో పట్టలేదు, గేటు పైభాగం పగలగొట్టి తీసుకెళ్ళారు. వందలమంది పేషెంట్లు వెనకాల నడిచారు, ఊళ్ళోకి. 1978 మే 13న ఇటలీలో 180 నంబరు చట్టం వచ్చింది, మెంటల్ హాస్పిటళ్ళలోకి కొత్తగా ఎవర్నీ చేర్చుకోకూడదు, మూసెయ్యాలి అని. గుర్రం వల్లే చట్టం వచ్చిందని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ ఆ రోజు ఆర్టిస్టులు చేసింది డాక్టర్లు చేయలేనిది, లోపలివాళ్ళని ఊరు కళ్ళెదుట నడిపించారు.

ఇంకొకటి, వోల్తెర్రా హాస్పిటల్‌లో నన్నెత్తి అనే పేషెంట్ తను వేసుకున్న కోటు బకిల్‌తో గోడ మీద చెక్కుతూ పోయాడు, ఏళ్ళ తరబడి, దాదాపు 180 మీటర్లు. గోడ ఇప్పుడు రాలిపోతోంది. అది కేస్ షీటా, ఆర్టా, ఎవరు కాపాడాలి, ఏ డిపార్ట్‌మెంట్? మీకు చెయ్యే కావాలంటే ఆ చేతి గురించి రాయండమ్మా. బకిల్ పట్టుకుని ప్లాస్టర్ మీద అంతంత అక్షరాలు చెక్కాలంటే ఎలాంటి పట్టు, వేళ్ళకి ఏమై ఉంటుంది, మీకు తెలిసినంత నాకు తెలీదు.

మీరు ఉన్నది బెంగళూరు. ఇక్కడి మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్‌హాన్స్ మొదలైందే 1847 నాటి పిచ్చాసుపత్రి నుంచి, ఇన్‌స్టిట్యూట్‌గా 1974లో అయింది. దాని చరిత్ర, అక్కడి మ్యూజియంలు చూసి, త్రియెస్తే చదవండి, మీకు బోలెడు ప్రశ్నలు వస్తాయి. అక్కడ బ్రెయిన్ మ్యూజియంలో మామూలు జనం కూడా నిజమైన మెదడుని చేత్తో పట్టుకుని చూడొచ్చు, మీ టాపిక్ పెట్టుకుని ఇంకా వెళ్ళకపోయి ఉంటే ముందు అక్కడికి వెళ్ళండి.

పాత_కాన్వాస్:

@హోసూర్_రోడ్ గారూ, మార్కో కవాల్లో విషయంలో మీ మాట పూర్తిగా ఒప్పుకుంటా, గొప్ప ఘట్టం. కానీ ఒక పీహెచ్‌డీలో గుర్రమూ, కోతా, ఎక్స్‌రే, భూకంపం అన్నీ పెడితే ఏదీ తేలదు. ఆ అమ్మాయి చేతుల మనిషి, చేతుల దగ్గరే ఉండనివ్వండి. నన్నెత్తి సలహా మాత్రం బ్రహ్మాండం.

తోరినో_తెలుగు:

హాయ్ అండీ, నేను గుంటూరు, బెంగళూరులో ఆరేళ్ళు ఉండి ఇప్పుడు ఇటలీ తోరినోలో పీహెచ్‌డీ చేస్తున్నా (మెటీరియల్స్, ఆర్ట్ కాదు). ప్రాక్టికల్ సంగతులు నేను చెప్తా.

ముందు మీ ప్రొఫెసర్ గారి మాట. ఆయన చెప్పిన ఇబ్బంది ఇటలీలో ఇంకా గట్టిగా ఉంటుంది. ఇక్కడ ప్రతి ప్రొఫెసర్‌కీ ప్రతి పోస్టుకీ ఒక సబ్జెక్ట్ కోడ్ ఉంటుంది, ఉద్యోగాలు ప్రమోషన్లు అన్నీ ఆ కోడ్‌లోనే. కాంటెంపరరీ ఆర్ట్ హిస్టరీకి చాలాకాలం ఎల్-ఆర్ట్/03, మెడిసిన్ హిస్టరీకి మెడ్/02, సైన్స్ హిస్టరీకి ఎం-స్టో/05, 2024లో ఈ కోడ్లు మార్చారు గానీ గోడలు గోడల్లాగే ఉన్నాయి. కాబట్టి మీరు రెండిటికీ చెందుతాను అంటే ఎవరూ తీసుకోరు, ఒక కోడ్‌లో ఇల్లు కట్టుకోండి, నా మాట వినండి, అది ఆర్ట్ హిస్టరీయే అవ్వాలి, ల్యాబ్ వాళ్ళని కో-గైడ్‌గా పెట్టుకోండి. అలా దాటినవాళ్ళు ఇక్కడ లేకపోలేదు. పాదోవాలో 1960 ప్రాంతంలో గ్రుప్పో ఎన్ అని కుర్రాళ్ళు కలిసి కళ్ళని మభ్యపెట్టే బొమ్మలు చేసేవాళ్ళు, అందులో ఒకడైన మన్‌ఫ్రేదో మస్సిరోని తర్వాత పర్సెప్షన్ సైకాలజీ ప్రొఫెసర్ అయ్యాడు. త్రియెస్తేలో కనీజా, సైకాలజీ పుస్తకాల్లో లేని త్రికోణం కనిపించే బొమ్మ ఉంటుందే, ఆయన పెయింటర్ కూడా. మా ఊళ్ళో మారియో మెర్జ్ మెడిసిన్ రెండేళ్ళు చదివి మానేసి ఆర్టిస్ట్ అయ్యాడు, ఇక్కడ మోలె అంతోనెల్లియానా గోపురం మీద రాత్రిళ్ళు వెలిగే ఫిబొనాచ్చి అంకెలు ఆయనవే. రీటా లెవీ మొంతల్చీనీ కూడా ఈ ఊరే, 1986లో మెడిసిన్ నోబెల్, ఆవిడ కవల అక్కచెల్లెలు పావోలా పెయింటర్, ఒకే ఇంట్లో ఒకరు కోడిపిండాల నరాలు చూస్తుంటే ఒకరు బొమ్మలు వేస్తున్నారు. ఇప్పటివాళ్ళ సంగతికొస్తే 2021లో రివోలీ కోటలో ఉన్న కాంటెంపరరీ ఆర్ట్ మ్యూజియంలోనే కోవిడ్ వ్యాక్సిన్లు వేశారు, గోడల నిండా ఒక ఆర్టిస్ట్ వేసిన బొమ్మల మధ్య.

డబ్బు సంగతి. పీహెచ్‌డీ ఇక్కడ మూడేళ్ళు, ప్రతి యూనివర్సిటీ "బాందో" అని నోటిఫికేషన్ ఇస్తుంది, ఎక్కువగా వసంతం నుంచి ఎండాకాలం మధ్యలో, క్లాసులు నవంబర్ ప్రాంతంలో మొదలు. 2022 జులై నుంచి కనీస స్కాలర్‌షిప్ ఏడాదికి 16,243 యూరోలు, అది కటింగులకి ముందు. జాగ్రత్తగా చూడాల్సింది, కొన్ని సీట్లు స్కాలర్‌షిప్ లేనివి ఉంటాయి, లిస్టులో పేరొచ్చిందని సంతోషపడి వచ్చేసి ఇబ్బంది పడ్డవాళ్ళని చూశా. ఇటలీ బయట రీసెర్చ్ చేసే నెలలకి స్కాలర్‌షిప్ 50 శాతం దాకా పెంచుతారు.

మీ ఎంఏ దూరవిద్య కాబట్టి ముందే యూనివర్సిటీకి మెయిల్ చేసి ఇక్కడి మాస్టర్స్‌తో సమానంగా తీసుకుంటారా అని రాతపూర్వకంగా అడగండి. చీమియా అనే సంస్థ ఇచ్చే కంపారబిలిటీ సర్టిఫికెట్ గానీ, కాన్సులేట్ ఇచ్చే డిక్లరేషన్ ఆఫ్ వాల్యూ గానీ అడుగుతారు, రెండింటికీ టైమ్ పడుతుంది, బాందో వచ్చాక మొదలుపెడితే అందదు.

భాష. ప్రపోజల్, ఇంటర్వ్యూ ఇంగ్లీష్‌లో నడిచే చోట్లు ఉన్నాయి, కానీ ఆర్కైవ్ మొత్తం ఇటాలియనే. చేతిరాత ఉత్తరాలు, పాత పత్రికలు, హాస్పిటల్ కాగితాలు. రొవెరేతోలో మార్ట్ మ్యూజియంకి ఇరవయ్యో శతాబ్దం ఆర్కైవ్ ఉంది, రివోలీకి రీసెర్చ్ సెంటర్ ఉంది, మిలాన్‌లో ఫోంటానా ఫౌండేషన్ ఉంది. వీళ్ళకి రెండు పేరాల మెయిల్ ఇటాలియన్‌లో రాసి, ఏ సంవత్సరం ఏ పని కావాలో స్పష్టంగా అడిగితే సమాధానం ఇస్తారు, "నాకు మీ ఆర్కైవ్ మొత్తం చూడాలని ఉంది" అంటే ఇవ్వరు. మాట్లాడటం తర్వాత చూసుకోవచ్చు, చదవడం ఇప్పుడే మొదలెట్టండి.

ఈఈజీ_క్యాప్:

బెంగళూరులో ఉన్నప్పుడే చేయగలిగేవి ఇంకో రెండు. బళ్ళారి రోడ్డు మీద సైన్స్ గ్యాలరీ ఉంది కదా, అక్కడ ఎగ్జిబిషన్లకి సైంటిస్టులు, ఆర్టిస్టులు కలిసే పని చేస్తారు, వెళ్ళి వాళ్ళతో మాట్లాడండి. ఎన్‌సీబీఎస్ (ఇక్కడి బయాలజీ రీసెర్చ్ సంస్థ) ఆర్కైవ్స్ కూడా బయటివాళ్ళకి తెరిచే ఉంటుంది, ఇటలీ కాగితాలు అక్కడ ఉండవు గానీ సైన్స్ ఆర్కైవ్‌లో ఎలా పనిచేయాలో ఇక్కడ నేర్చుకుని వెళ్తే ఇటలీలో తడబడరు.

జయనగర్_ఫిజియో:

రెండ్రోజులు కూర్చుని ఆలోచించా. బుర్రిని వదిలేస్తున్నా, @పాత_కాన్వాస్ గారు చెప్పింది కరెక్ట్, నాకు అక్కడ కొత్తగా చెప్పేది లేదు, డాక్టర్ అనే ఒక్క మాటకి ఆకర్షణ పడ్డాను అంతే. మార్కో కవాల్లో కూడా పెట్టను, కానీ దాన్ని చదవకుండా మాత్రం ఉండను @హోసూర్_రోడ్ గారూ. మూడు చేతులు పెట్టుకుంటా, పెనోనే చెట్టుని పట్టుకున్న చెయ్యి, ఫోంటానా కోత, ఆ కోతకి ములాస్ తీయించిన పోజు ఒకటి, మూడోది నన్నెత్తి బకిల్ పట్టు. లా రోక్కాని ఎక్కడ పెట్టాలో ఇంకా తెలీట్లేదు, ఆవిడ చేతులు పట్టుకోవట్లేదు, మాట్లాడుతున్నాయి, కానీ వదల్లేను. ప్రశ్న ఒక్కటే, ఒక పని మీద మిగిలిన గుర్తు చూసి ఆ చెయ్యి ఏం చేసిందో ఎంతవరకు చెప్పగలం, ఎక్కడ ఆగిపోవాలి. మా దగ్గరకి దెబ్బ తగిలినవాళ్ళు వస్తే మేం రోజూ చేసేది అదే, గాయం చూసి చెయ్యి అప్పుడు ఎలా ఉందో చెప్పడం.

@ఈఈజీ_క్యాప్ గారూ, ఒకటి అడగనా? మీ ల్యాబ్‌లో మోషన్ సెన్సర్లు ఉంటే, బిగించిన కాన్వాస్ మీద నిలువు కోత కోసేటప్పుడు మణికట్టు, మోచెయ్యి, భుజం కోణాలు రికార్డ్ చేయొచ్చా? పెయింటర్లు కొందరు, మామూలువాళ్ళు కొందరు.

ఈఈజీ_క్యాప్:

చేయొచ్చు. సెన్సర్లు ఉన్నాయి, మణికట్టుకి, ముంజేతికి, పై చేతికి, భుజం వెనక పెడితే చాలు. రెండు మాటలు మటుకు. బ్లేడుతో అంటే ఎథిక్స్ కమిటీ వెంటనే ఆపుతుంది, కాబట్టి మొదటి రౌండు బ్లేడు బదులు మొద్దు అంచు ఉన్న పనిముట్టుతో, కాన్వాస్ కోయకుండా అదే కదలిక చేయించండి, ప్రోటోకాల్‌లో అలాగే రాయండి. రెండోది, ములాస్ పోజుని కూడా ఒక కండిషన్‌గా పెట్టండి, అంటే నిజంగా పైనుంచి లాగి ఆపిన చెయ్యి ఒకటి, లాగకుండా చివర్లో తెచ్చి పెట్టిన చెయ్యి ఒకటి, ఆగిన క్షణంలో కోణాలు తేడా వస్తాయా లేదా. మీరు ఫోటోలో చూశానన్నది నిజమా కాదా అక్కడే తేలుతుంది. ఒక పేజీ రాసి మెసేజ్ చేయండి, మా మేడమ్‌కి చూపిస్తా.

పాత_కాన్వాస్:

కాన్వాస్ బిగించడం నేను చేసిపెడతా. వదులుగా ఉంటే బ్లేడు వెనక గుడ్డ ముడతపడి చెయ్యి మధ్యలో ఆగిపోతుంది, మీ కొలతలన్నీ తప్పొస్తాయి. మంచి లినెన్ తీసుకోండి, పలచటి కాటన్ వద్దు, చెక్క ఫ్రేమ్ కొలత ముందే చెప్పండి, నిలువు కనీసం ఒక మీటర్ పెట్టుకోండి.